వారానికి నాలుగు రోజుల పని: పదకొండు నెలలు వాడి చూశాక

గురువారం సాయంత్రం ఆరు దాటింది. జీతాల పట్టీలోని మొత్తానికీ, బ్యాంకుకు పంపాల్సిన ఫైలులోని మొత్తానికీ 270 తేడా వస్తోంది. లెక్కల విభాగంలో చాలాకాలం పనిచేసినవాళ్లు ఇలాంటి తేడాను చూడగానే ముందు తొమ్మిదితో భాగించి చూస్తారు. శేషం మిగలకపోతే ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారయ్యాయని అనుమానం. మిగలలేదు. వెతగ్గా వెతగ్గా 4,851 ఉండాల్సిన చోట 4,581 కనిపించింది. ఆ వరుస నమోదు చేసింది నేనే, సాయంత్రం అయిదుంపావుకు. అంటే ఆ రోజు పనిలో తొమ్మిదో గంట. వారానికి నాలుగు రోజుల పని మా దగ్గర మొదలై అప్పటికి ఆరు వారాలు.

ఈ పద్ధతి ఎలా ఉందని అడిగేవాళ్లను నేను తిరిగి ఒకటి అడుగుతాను: ఏ నాలుగు రోజులు? ఎందుకంటే ఒకే పేరుతో రెండు రకాల సరుకు చెలామణి అవుతోంది. అయిదు రోజుల గంటలను నాలుగు రోజుల్లోకి కుక్కడం ఒకటి, గంటలనే తగ్గించడం మరొకటి. మా సంస్థ పదకొండు నెలల్లో రెండూ చూపించింది. మొదటి మూడు నెలలు రోజుకు పది గంటల చొప్పున వారానికి 40. తర్వాతి ఎనిమిది నెలలు రోజుకు ఎనిమిది చొప్పున 32, జీతంలో కోత లేదు. మొదటిదానికి అయిదుకు రెండు చుక్కలు, అవీ సెలవునాటి ఉదయపు నిద్ర మీద గౌరవంతో. రెండోదానికి నాలుగు.

పది గంటల రోజులో ఉదయం పూట పెద్దగా తేడా తెలియదు. భోజనమయ్యాక మొదలవుతుంది అసలు సంగతి. గడియారం అయిదు కొట్టగానే పాత అలవాటు కొద్దీ చెయ్యి సంచి కోసం వెతుకుతుంది, ఇంకా రెండు గంటలుంటాయి. ఆ రెండు గంటల్లో చేసినదాన్ని మర్నాడు ఉదయం మళ్లీ సరిచూసుకోవడం నాకు దినచర్య అయిపోయింది. మా వరుసలో చిన్న పిల్లల తల్లులు ఇద్దరున్నారు. పిల్లల్ని తీసుకురావలసిన వేళకు వాళ్లు లేచి వెళ్లి, మిగిలిన గంటలు రాత్రి ఇంటి నుంచి పూర్తిచేసేవారు. లెక్కకు నాలుగు రోజులే గానీ, నాలుగు రాత్రులు అదనంగా ఖర్చయ్యాయి. సెలవునాడు నేను వెలగబెట్టిందేమిటంటే పది గంటల దాకా పడుకోవడం.

ఇది మా సంస్థ కనిపెట్టిన వింతేమీ కాదు. బెల్జియంలో 2022 నుంచి ఉద్యోగి కోరితే పూర్తి వారపు గంటలను నాలుగు రోజుల్లో ముగించుకునే వీలుంది. గంటలు తగ్గవు. అయినా అక్కడ 'ఉద్యోగి కోరితే' అన్న మాట ఉంది, మమ్మల్నెవరూ అడగలేదు. అమెరికాలో యూటా రాష్ట్ర ప్రభుత్వం 2008లో తన కార్యాలయాల్లో చాలావాటిని సోమవారం నుంచి గురువారం వరకు రోజుకు పది గంటలు నడిపి, శుక్రవారం మూసేసింది. ఆశించినంత పొదుపు జరగలేదు, శుక్రవారం పని పడ్డ ప్రజలేమో విసుక్కున్నారు. 2011లో మళ్లీ అయిదు రోజులకు వచ్చేసింది. మాకు మూడు నెలలకే జ్ఞానోదయమైంది, కాబట్టి మేమే నయం.

రెండో విడతకు ముందు మా మేనేజర్ ఒక మంచి పని చేశారు. రెండు మధ్యాహ్నాలు మా తొమ్మిది మందినీ కూర్చోబెట్టి, వారంలో ఎవరు ఏం చేస్తున్నారో చీటీల మీద రాయించి గోడకు అంటించారు. ప్రతి చీటీ ముందూ ఒకటే ప్రశ్న: ఇది ఆపితే ముందుగా ఎవరు ఫోను చేస్తారు? పద్నాలుగు గడులతో ప్రతి బుధవారం నేను తయారుచేసే ఖర్చుల నివేదిక దగ్గర అందరం ఆగిపోయాం. అయిదుగురు పెద్దలకు వెళుతుంది అది. మూడు వారాలు చెప్పకుండా ఆపి చూశాం. ఒక్కరూ అడగలేదు. నాలుగేళ్లుగా నా బుధవారం మధ్యాహ్నాలు ఎటు పోయాయో అప్పుడు తెలిసింది. సంతోషించాలో ఏడవాలో మాత్రం తెలియలేదు.

అలా పనులు రాలాయి. గంటసేపు సాగే సోమవారం సమావేశం ఇరవై నిమిషాలకు దిగింది. బిల్లుల చెల్లింపు రోజూ కాకుండా వారానికి రెండుసార్లయింది. ఉదయం రెండు గంటలు ఫోను ఒక్కరే ఎత్తుతారు, మిగతావాళ్లు తలవంచుకుని పని చేసుకోవచ్చు. నాలుగో చుక్క ఈ రెండు గంటలకే ఇచ్చాను. జీతాల పట్టీ ఇప్పుడు ఆ వేళలోనే చేస్తాను. తొమ్మిదితో భాగించే అవసరం ఎనిమిది నెలల్లో ఒక్కసారే వచ్చింది.

మైక్రోసాఫ్ట్ జపాన్ విభాగం 2019 ఆగస్టులో శుక్రవారాలు సెలవిచ్చినప్పుడు ఉద్యోగి తలకు అమ్మకాలు సుమారు 40 శాతం పెరిగాయన్న వార్త చాలామంది చదివే ఉంటారు. అదే నెలలో సమావేశాలను అరగంటకు కుదించారన్న సంగతి అంతగా ప్రచారం కాలేదు. పైగా అది ఒక్క నెల లెక్క. ఒక్క నెల అంకెలు చూపించి ఏడాది సంగతి తేల్చమంటే మా విభాగంలో ఎవరూ సంతకం పెట్టరు. ఐస్‌లాండ్ కథా అలాంటిదే. 2015 నుంచి 2019 దాకా అక్కడ సుమారు 2,500 మందితో జరిగిన ప్రయోగాలను నాలుగు రోజుల వారంగా చెప్పుకుంటారు. నిజానికి చాలామందికి వారానికి 40 గంటలున్న పని 35, 36కు తగ్గింది, జీతం అలాగే ఉంది. రోజు తీసేయడం వేరు, గంటలు తీసేయడం వేరు.

బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి డిసెంబరు దాకా 61 సంస్థలు, సుమారు 2,900 మంది ఉద్యోగులతో జరిగిన ప్రయోగం కొంచెం గట్టిది. జీతం నూరు శాతం, సమయం 80 శాతం, ఫలితం నూరు శాతం అన్నది వాళ్ల సూత్రం. ప్రయోగం ముగిశాక 56 సంస్థలు కొనసాగిస్తామన్నాయి. అయితే ఇష్టపడి ముందుకొచ్చిన సంస్థలవి, కాబట్టి ఆ ఉత్సాహంలోంచి కొంత తీసివేసుకోవాలి. ఉద్యోగుల అనారోగ్య సెలవులు 65 శాతం తగ్గాయన్న అంకె మాత్రం నన్ను నవ్వించింది. నేను నిరుడు ఏడు అనారోగ్య సెలవులు పెట్టాను. అందులో మూడే జ్వరం. మిగతా నాలుగూ నాన్న కంటి పరీక్షకు, బ్యాంకుకు, నీళ్ల పైపు బాగుచేసేవాడి కోసం ఎదురుచూడడానికి, ఇంకోసారి ఆ పైపు కోసమే. ఈ పనులన్నీ ఇప్పుడు సెలవునాడు జరిగిపోతున్నాయి. నా ఆరోగ్యం మెరుగుపడిందో లేదో చెప్పలేను గానీ, నా అబద్ధాలు బాగా తగ్గాయి.

ఇంట్లో ఒక ప్రమాదముంది, ముందే హెచ్చరిస్తున్నాను. రెండో నెల తిరిగేసరికి 'ఎలాగూ ఇంట్లోనే ఉంటావు కదా' అన్న మాట పుట్టింది. అక్క కొడుకును ఈత నేర్పించేచోట దించాలి, అమ్మ మందులు తేవాలి, వదినగారి పార్సెల్ తీసుకోవాలి. సెలవు నాదే గానీ, దాని మీద పెత్తనం అందరిదీ అయింది. ఇప్పుడు మధ్యాహ్నం వరకే అందరి పనులు, ఆ తర్వాత ఫోను సొరుగులో. మొదట అలిగారు, తర్వాత అలవాటుపడ్డారు.

ఇక అయిదో చుక్క. కార్యాలయం ఖాళీ కాకుండా మాలో సగం మందికి సోమవారం, సగం మందికి శుక్రవారం సెలవు. తొమ్మిది మందీ కలిసి ఉండేది మంగళ, బుధ, గురువారాలే. శుక్రవారం సంతకం కావలసిన కాగితం ఒక్కోసారి మంగళవారం దాకా ఆగుతుంది. నెలాఖరు శుక్రవారం పడితే ఆ వారం సెలవు లేదు, 'తర్వాత తీసుకోండి' అంటారు. అలా రెండు రోజులు నాకు బాకీ ఉన్నాయి. సమావేశాలతో పాటు విరామంలో కబుర్లూ ఎండిపోయాయి. కొత్తగా చేరిన కుర్రవాడికి తొమ్మిదితో భాగించే కిటుకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదని మొన్ననే తెలిసింది. నాకు అది చెప్పిన పెద్దాయన పనిగట్టుకుని నేర్పలేదు, పక్కన నిలబడి మాట్లాడుతూ చెప్పారు. అలా పక్కన నిలబడే తీరిక మాకిప్పుడు లేదు.

ఇంకో సంగతి రాయడానికే ఇబ్బందిగా ఉంది. మా విభాగంలో ఒకావిడ మూడేళ్లుగా వారానికి నాలుగు రోజులే పనిచేస్తున్నారు, అయిదో వంతు జీతం వదులుకుని. ఇప్పుడు మేమంతా అవే నాలుగు రోజులు పనిచేసి పూర్తి జీతం తీసుకుంటున్నాం. ఆమెది విడి ఒప్పందమట, అందుకని పాత లెక్కే. ఆమె జీతం వరుస ప్రతి నెలా నేనే నమోదు చేస్తాను. మా అంతస్తు ఊడ్చే ఆవిడ గుత్తేదారు కింద పనిచేస్తారు, ఆమెకు ఆరు రోజులే. ఒకరోజు నా బల్ల దగ్గర ఆగి, "శుక్రవారం మీరెవరూ కూర్చోని బల్లలు కూడా తుడవాలా అమ్మా?" అని అడిగారు. తుడవాలనే ఆమె కాగితంలో ఉంది.

పోయిన వారం అభిప్రాయాల పత్రం ఇచ్చారు. కొనసాగించాలా అన్న ప్రశ్నకు 'అవును' దగ్గర టిక్కు పెట్టాను, ఆలోచించకుండానే. కింద సూచనలకు వదిలిన ఖాళీలో మూడు రాశాను: నాకు బాకీ ఉన్న రెండు రోజులు, ఆవిడ అయిదో వంతు జీతం, ఎవరూ కూర్చోని ఆ బల్లలు. మొదటిదానికి మర్నాడే జవాబు వచ్చింది, నెలాఖరు కాని ఏ వారంలోనైనా తీసుకోవచ్చునట. మిగతా రెండూ 'పరిశీలనలో ఉన్నాయి'.