ఓసీడీకి ఈఆర్‌పీ థెరపీ: సికింద్రాబాద్‌లో ఒక క్లినిక్ రివ్యూ

నాది చెకింగ్ ఓసీడీ, అంటే వద్దన్నా అనుమానాలు పదేపదే వచ్చి, అవి తీరడానికి చేసిన పనే మళ్లీ మళ్లీ చూసుకునే మానసిక సమస్య. గ్యాస్ కట్టేశానా, తాళం వేశానా అని లిఫ్ట్ దాకా వెళ్లి వెనక్కి రావడం, ఆఫీసు నుంచి అమ్మకి ఫోన్ చేసి "ఒకసారి చూడమ్మా" అనడం.

ముందు ఒక ఆన్‌లైన్ కౌన్సెలింగ్ యాప్‌లో చేరాను. అక్కడి కౌన్సెలర్ మంచి మనిషే, ఓపికగా వినేది, చివర్లో "ఏం కాదండీ, తాళం వేసే ఉంటారు" అనేది. ఓ గంటసేపు హాయిగా ఉండేది, అంతే. ఓసీడీకి మేత వేసేదే ఆ భరోసా, అమ్మని అడిగినా కౌన్సెలర్‌ని అడిగినా అదీ చెకింగే కదా. కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు పద్ధతిలో తప్పుపట్టకుండా వినడం వేరే బాధలకు బాగానే పనిచేస్తుంది, దీనికి చాలదు.

ఇప్పుడు వెళ్తున్నది సికింద్రాబాద్‌లో చిన్న క్లినిక్. పేరు రాయను, కింద తిట్లు కూడా ఉన్నాయి. సైకాలజిస్టు మొదటిరోజే వై-బాక్స్ అనే 10 ప్రశ్నల స్కేలుతో (మొత్తం 40 మార్కులు) తీవ్రత ఎంతో చూసి, ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) చేద్దామన్నారు, అంటే భయపెట్టే పరిస్థితిని కావాలనే ఎదుర్కొని, చెకింగ్ చేయకుండా ఆగడం. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ చేసిన ప్రయోగాలతో మొదలైన పద్ధతి, ఇప్పుడు సీబీటీలో (ఆలోచనలు, అలవాట్లు మార్చే థెరపీలో) భాగం. భయాలకు 0 నుంచి 100 దాకా మార్కులేసుకుని, తక్కువ మార్కులున్న దానితో మొదలుపెట్టాలి. తాళం ఒక్కసారే వేసి, లాగి చూడకుండా కిందికి దిగిపోవాలి. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమటలు పడతాయి, అయినా వెనక్కి వెళ్లకూడదు. టెన్షన్ మెల్లగా దానంతటదే తగ్గుతుంది, ఒక్కోరోజు తగ్గకపోయినా దానితోనే ఆఫీసు పని చేసుకోవచ్చని తెలుస్తుంది. అమ్మని కూడా పిలిచి "అడిగితే జవాబు చెప్పకండి" అన్నారు, పాపం ఆవిడకి నాకన్నా కష్టమైంది.

ఇక తిట్లు. వర్క్‌షీట్లన్నీ ఇంగ్లీషులోనే, అమ్మకిచ్చిన కాగితం నేనే తెలుగులో చదివి చెప్పాను, హైదరాబాద్‌లో ఉండి ఇదేం ఖర్మ! ఫీజు ఎక్కువ, సాయంత్రం స్లాట్లు దొరకవు. మందులు కావాలంటే సైకియాట్రిస్టు దగ్గరికి విడిగా వెళ్లాలి. ఐదుకి నాలుగు ఇస్తాను.

మీరు ఏ క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లినా ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా, ఓసీడీకి ఈఆర్‌పీ చేస్తారా అని ముందే అడగండి. "అన్ని పద్ధతులూ కలిపి చేస్తాం" అంటే, మొదటి నెలలో నాతో ఏం చేయిస్తారని గట్టిగా అడగండి. డబ్బు ఇబ్బందైతే 14416కి ఫోన్ చేయండి, 2022లో మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.