జీహెచ్‌సీ కంపైలర్ సమీక్ష: బగ్గు అనుకునేదంతా బగ్గు కాదు

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష కోసం జీహెచ్‌సీ అనే కంపైలర్ (కోడ్‌ను కంప్యూటర్ నడిపే రూపంలోకి మార్చేది) దించుకున్నవాళ్ల నోట తొందరగా వచ్చే మాట ఒకటుంది: "కంపైలర్‌లనే ఏదో బగ్గున్నది." దాదాపు ఎప్పుడూ అది బగ్గు కాదు. టైపు, అంటే విలువ ఏ రకమో (అంకెనా, అక్షరాలా) అన్నది తేలక కంపైలర్ ఆగిపోయింది, అంతే. నల్లగొండ, పాలమూరు కాలేజీల్లో సీ, జావా, పైథాన్‌లతో మొదలుపెట్టినవాళ్లకు ఇది కొత్త రకం లొల్లి. అందుకే వేగం, లైబ్రరీల సంగతి పక్కనబెట్టి, కోడ్ తప్పినప్పుడు ఈ సరుకు ఎంత సాయంగా మాట్లాడుతుందన్నదే ఇక్కడ చూస్తున్నాం. వెర్షన్ 9.6.

మిర్యాలగూడ రైస్‌మిల్లు కాంటా చిట్టీని చదివే చిన్న ప్రోగ్రాం అనుకోండి. చిట్టీలో బస్తా బరువు "40" అని అక్షరాల రూపంలో ఉంది. ఫైల్లో షో (రీడ్ చిట్టీ) అని రాస్తే జీహెచ్‌సీ ఒప్పుకోదు. రీడ్ అక్షరాలను ఏదో ఒక టైపులోకి మారుస్తుంది, షో దాన్ని తిరిగి అక్షరాలు చేస్తుంది. లోపలికి పోయేవీ అక్షరాలే, బయటికొచ్చేవీ అక్షరాలే. మధ్యలో ఉన్నది ఇంటా (పూర్ణాంకం), డబులా (దశాంశ సంఖ్య), బూలా (అవును/కాదు) అన్నదానికి ఆధారమే లేదు. కంపైలర్ ఆ తెలియని టైపుకు ఏ0 అని పేరు పెట్టి, "యాంబిగ్యుయస్ టైప్ వేరియబుల్" అంటూ జీహెచ్‌సీ-39999 నంబరు వేస్తుంది. ఏ పదం దగ్గర చిక్కుబడిందో చెబుతుంది, టైపు రాయమని మందు కూడా చెబుతుంది. ఇంతవరకు మెచ్చుకోవాల్సిందే. ఆ తర్వాతే అక్కర్లేని చాట భారతం: సరిపోయే టైపులు ఇవీ, ఇంకా ఇన్ని ఉన్నాయి అంటూ జాబితా దించుతుంది. దాన్ని వదిలేసి పైనున్న కొన్ని లైన్లు చదివితే చాలు.

సరిచేయడం తేలిక. బ్రాకెట్ లోపల చిట్టీ తర్వాత జంట కోలన్ పెట్టి ఇంట్ అని రాయాలి. లేకపోతే రీడ్ @ఇంట్ చిట్టీ అనాలి. ఈ రెండో పద్ధతికి టైప్‌అప్లికేషన్స్ అనే ఎక్స్‌టెన్షన్ (భాషకు అదనంగా ఆన్ చేసుకునే వసతి) కావాలి. వెర్షన్ 9.2 నుంచి ఫైలును నేరుగా జీహెచ్‌సీకి ఇస్తే అది దానంతటదే ఆన్‌లో ఉంటుంది. కాబల్ (హాస్కెల్ ప్రాజెక్టులను బిల్డ్ చేసే పనిముట్టు) ఫైల్లో భాష హాస్కెల్2010 అని ఉంటే మాత్రం విడిగా పెట్టుకోవాలి. "నా దగ్గర నడుస్తుంది, వాడి దగ్గర నడవదు" అనే గొడవకు చాలాసార్లు మూలం ఇదే.

ఇక ఈ సరుకులో క్షమించలేని లోపం. అదే లైన్‌ను జీహెచ్‌సీఐలో (లైను కొట్టగానే జవాబు చూపే జీహెచ్‌సీ రూపం) కొట్టి, చిట్టీ స్థానంలో "40" ఇవ్వండి. టైపు తప్పేమీ చెప్పదు. నడిపి, "ప్రెల్యూడ్ రీడ్: నో పార్స్", అంటే చదవడం కుదరలేదని, పడిపోతుంది. జీహెచ్‌సీఐలో ఎక్స్‌టెండెడ్ డిఫాల్ట్ రూల్స్ ఆన్‌లో ఉంటాయి. టైపు తేలకపోతే అది యూనిట్‌ను, అంటే ఖాళీ బ్రాకెట్ల టైపును, తీసుకుంటుంది. "40"ను ఖాళీ బ్రాకెట్లుగా చదవడం ఎవరి తరమూ కాదు. కొత్తవాళ్లు మాత్రం 40 పక్కన స్పేస్ ఉందేమోనని వెతుకుతూ పరేషాన్ అవుతారు. నేర్చుకునేవాళ్లకు ముందుగా చేతికిచ్చే పనిముట్టే ఇలా తప్పుదారి పట్టిస్తే ఎట్లా?

దీనికి చుట్టమే ఇంకొకటి. ఫైల్లో చూపు = షో అని ఆర్గ్యుమెంట్ లేకుండా, సిగ్నేచర్ (టైపు చెప్పే లైను) లేకుండా రాసి ఊరుకుంటే మోనోమార్ఫిజం రిస్ట్రిక్షన్ (అలాంటి పేరును ఎన్ని టైపులకైనా పనికొచ్చేలా వదలని నియమం) వల్ల మళ్లీ అదే 39999. జీహెచ్‌సీఐలో ఆ నియమం ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి అక్కడ నడుస్తుంది. చూపు ఎక్స్ = షో ఎక్స్ అని రాస్తే పీడ పోతుంది.

సగటు బరువు లెక్కలో తప్పు వేరు: సమ్ బరువులు / లెంగ్త్ బరువులు. లెంగ్త్ (జాబితాలో ఎన్ని ఉన్నాయన్న లెక్క) ఇంట్ ఇస్తుంది, భాగహారం ఫ్రాక్షనల్ (డబుల్ లాంటి, భాగించగలిగే టైపుల గుంపు) అడుగుతుంది. సిగ్నేచర్ లేకపోతే కంపైలర్ వేలు భాగహారం గుర్తు మీద పెట్టి, ఇంట్‌కు ఫ్రాక్షనల్ ఇన్‌స్టాన్స్ లేదంటుంది, అంటే ఇంట్ ఆ గుంపులో లేదని. నంబరు మళ్లీ 39999. రెండు వేర్వేరు రోగాలకు ఒకే నంబరు, కాబట్టి నంబరు చూసి మందు వేసుకోవద్దు. డబుల్ జాబితా నుంచి డబుల్ అని సిగ్నేచర్ రాస్తే నేరుగా లెంగ్త్ దగ్గరే, డబుల్ కావాల్సిన చోట ఇంట్ ఉందని 83865తో చెబుతుంది. లెంగ్త్‌ను ఫ్రమ్‌ఇంటిగ్రల్‌లో (పూర్ణాంకాన్ని కావాల్సిన అంకెల టైపుకు మార్చే ఫంక్షన్) చుట్టాలి. సిగ్నేచర్లు రాసే అలవాటున్నవాళ్లకు ఈ కంపైలర్ మంచి దోస్తు, రాయనివాళ్లతో మాత్రం చుట్టూ తిప్పి మాట్లాడుతుంది.

కొన్నిచోట్ల అలౌయాంబిగ్యుయస్‌టైప్స్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకోమని కంపైలరే సలహా ఇస్తుంది. జర ఆగండి. అది తప్పును తీసేయదు, ఫంక్షన్ రాసిన చోటు నుంచి పిలిచే చోటుకు జరుపుతుంది. పిలిచే ప్రతిచోటా @ పెట్టి టైపు చెప్పే ఉద్దేశం ఉంటేనే అది పనికొస్తుంది.

నిజమైన బగ్గు వేషం వేరు. "పానిక్! ద ఇంపాజిబుల్ హ్యాపెన్డ్" అని వచ్చి, రిపోర్ట్ చేయమని అదే అడుగుతుంది. ముందు డిస్ట్-న్యూస్టైల్ ఫోల్డర్ (పాత బిల్డ్ ఫైళ్లు ఉండేది) తీసేసి మళ్లీ బిల్డ్ చేయాలి. అయినా వస్తే ఆప్టిమైజేషన్‌ను (కోడ్‌ను వేగంగా నడిచేలా మార్చే పని) ఓ-సున్నాకు దించాలి. అక్కడ పానిక్ మాయమైతే ఆప్టిమైజర్ మీద అనుమానం, అప్పుడు డీకోర్-లింట్ ఫ్లాగ్‌తో (కంపైలర్ తన లోపలి కోడ్‌ను తానే తనిఖీ చేసుకునేలా చేసేది) నడిపితే ఏ దశలో చెడిందో బయటపడొచ్చు. తర్వాత జీహెచ్‌సీఅప్‌తో (జీహెచ్‌సీ వెర్షన్లు దించే పనిముట్టు) ఇంకో వెర్షన్ వేసి చూడాలి. ఒక్కో వెర్షన్ జీబీల్లో స్థలం తింటుంది, డిస్క్‌లో జాగా తక్కువున్నవాళ్లు ఇది చూసుకోవాలి. కొత్త వెర్షన్‌లోనూ పానిక్ వస్తే బయటి లైబ్రరీలు ఒక్కొక్కటే తీసేస్తూ, పానిక్ మిగిలేంత చిన్న ఫైలుగా కోసి జీహెచ్‌సీ గిట్‌ల్యాబ్‌లో (బగ్గులు నమోదు చేసే సైటు) పెట్టాలి. వెర్షన్ నంబరు, వాడిన ఫ్లాగులు తప్పనిసరి.

ప్రింట్‌తో "బస్తా" అని ఇస్తే తెరమీద 3116తో మొదలయ్యే అంకెల వరుస రావడమూ బగ్గు కాదు. ప్రింట్ లోపల షో ఉంది, అది తెలుగు అక్షరాలను కోడ్ నంబర్లుగా రాస్తుంది. పుట్‌స్ట్రింగ్‌లైన్ (putStrLn) వాడండి.