లాంగ్‌టాంగ్ లోయ, యాలా శిఖరం: విశాఖ నుంచి వెళ్ళేవారికి

నేపాల్‌లోని లాంగ్‌టాంగ్ యాత్రలో డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి అని అడిగేవారికి ముందే చెబుతాను. ఖాట్మండు హోటల్లో మిగుల్చుకోండి. శిఖరానికి ముందు మజిలీ అయిన క్యాంజిన్ గోంపా ఊరిలో అదనపు రాత్రులకూ, రెండో గైడుకూ ధారాళంగా వెచ్చించండి. నేనూ మా వదినా వెళ్ళి వచ్చాక ఇంత గట్టిగా చెప్పగలిగినవి ఈ రెండే.

యాలా శిఖరం ఎత్తు 5,500 మీటర్లు దాటుతుంది. మొదటిసారి ఎక్కేవారికి అనువైనదని యాత్రా సంస్థలన్నీ చెబుతాయి. అది నిజమే. నిట్టనిలువు గోడలు లేవు, మంచుగొడ్డలి పట్టి ఎగబాకే చోట్లూ దాదాపు లేవు. బూట్లకు క్రాంపాన్లు (మంచు మీద జారకుండా పట్టే లోహపు పళ్ళ పట్టీలు) తగిలించుకుని, గైడు కట్టిన తాడు పట్టుకుని నడవగలిగితే చాలు. అయితే ఆ ఎత్తులో వాయుపీడనం మన రామకృష్ణా బీచ్‌లో ఉండేదానిలో సగమే. ఊపిరి పీల్చిన ప్రతిసారీ అందే ప్రాణవాయువు కూడా సగమే. కొండ సులువైనదే కావచ్చు, ఆ గాలి మాత్రం సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళకు సులువైనది కాదు.

కాళ్ళను విశాఖలోనే సిద్ధం చేసుకోవచ్చు. సింహాచలం మెట్లను మించిన వ్యాయామశాల నాకు తెలియదు. వీపున సంచి వేసుకుని ఎక్కడం ఎంత అవసరమో, మోకాళ్ళు అదరకుండా నెమ్మదిగా దిగడమూ అంతే అవసరం. ఏటా ఆషాఢంలో 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేసేవారికి రోజంతా నడవడం కొత్త కాదు. ఎత్తుకు అలవాటు పడటం మాత్రం ఇక్కడ కుదరదు. అరకులోయే వెయ్యి మీటర్ల లోపు ఉంటుంది. ఎంత దేహదారుఢ్యం ఉన్నా ఎత్తు వల్ల వచ్చే జబ్బును ఆపలేదు. పరుగు పందేలు గెలిచే యువకులు కూడా తల పట్టుకుని కూర్చోవడం దారిలో చూశాం.

అందుకే సంస్థను ఎంచుకునేటప్పుడు మేం ధర కన్నా ముందు రాత్రుల పట్టిక చూశాం. పర్వత వైద్యులు చెప్పే లెక్క సరళమైనది: 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఉన్న ఎత్తులోనే మరో రాత్రి గడపాలి. మాకు వచ్చిన ప్రతిపాదనల్లో అతి చవకైనది క్యాంజిన్‌లో ఒక్క రాత్రి ఉంచి, మర్నాడే బేస్‌క్యాంపుకు పంపుతానంది. అదనపు రాత్రి అడిగితే, “అందరూ ఇలాగే వెళతారు” అన్నారు. ఆ జవాబుతోనే వారిని పక్కన పెట్టేశాం. చివరికి కుదుర్చుకున్న సంస్థ ధర ఎక్కువే. కానీ వాళ్ళు లోయలో నడిపించే గైడు వేరు, శిఖరానికి తీసుకెళ్ళే శిక్షణ పొందిన గైడు వేరు అని వివరంగా చెప్పి, ఇద్దరినీ ఇచ్చారు. బీమా పత్రంలో 6,000 మీటర్ల వరకు, హెలికాప్టర్ రక్షణతో సహా వర్తిస్తుందని స్పష్టంగా రాసి ఉండేలా చూసుకోండి.

నేపాల్‌కు భారతీయులకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్ళే వయోజనులకు పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ కావాలి. ఆధార్ చాలదు. ఢిల్లీ నుంచి ఖాట్మండు వెళ్ళే విమానంలో ఎడమవైపు కిటికీ సీటు అడగండి, ఆకాశం తేటగా ఉంటే హిమాలయాలు బారులు తీరి కనిపిస్తాయి. ఖాట్మండులో థమేల్ ప్రాంతంలో బస చేశాం. శుభ్రమైన గది, వేడినీళ్ళు, సామాను దాచుకునే చోటు ఉంటే అక్కడ ఇంకేమీ అవసరం లేదు. క్రాంపాన్లు, తాడు తగిలించుకోవడానికి నడుముకు కట్టుకునే హార్నెస్, మంచుబూట్లు ఆ సందుల్లోనే అద్దెకు దొరుకుతాయి. ఒక దుకాణంలో ఇచ్చిన క్రాంపాన్ల పళ్ళు బాగా అరిగిపోయి ఉన్నాయి, మా గైడు చూసి వెనక్కి ఇప్పించాడు. సొంత బూట్లకు బిగించి, దుకాణంలోనే నాలుగడుగులు వేసి చూడకుండా డబ్బు కట్టకండి.

నడక మొదలయ్యే స్యాబ్రుబేసికి బస్సూ ఉంది, జీపూ ఉంది. జీపే మంచిది. దూరం తక్కువగానే కనిపిస్తుంది కానీ త్రిశూలి దాటాక రోడ్డు కొండచరియల దయ మీద ఉంటుంది, ఎలా వెళ్ళినా దాదాపు రోజంతా పడుతుంది. ధున్చే దగ్గర సైనికులు సంచులు వెతుకుతారు, లాంగ్‌టాంగ్ జాతీయ పార్కు అనుమతి చూస్తారు. మేం వెళ్ళినప్పుడు సార్క్ దేశాల వారికి పార్కు రుసుము 1,500 నేపాలీ రూపాయలు. నగదు ఖాట్మండులోనే నేపాలీ నోట్లుగా మార్చి పెట్టుకోండి. మన వంద రూపాయలకు వాళ్ళవి నూట అరవై. నడకదారిలో ఏటీఎం ఎక్కడా లేదు.

నడక మొదలైన రోజంతా అడవి, కింద హోరెత్తే లాంగ్‌టాంగ్ ఖోలా నది. బాంబూ అనే మజిలీ దగ్గర ఎదుటి కొండ గోడకు వేలాడే పెద్ద పెద్ద తేనెపట్టులు చూపించారు, కొండముచ్చులూ కనిపించాయి. లామా హోటల్ అనేది హోటల్ పేరు కాదు, ఊరి పేరు. లోయ అక్కడ ఇరుకు, ఎండ త్వరగా వెళ్ళిపోతుంది, గదుల మధ్య పల్చటి చెక్క పలకలే గోడలు. ఒక రాత్రికి సర్దుకోవచ్చు. అక్కడి నుంచి చాలామంది ఒక్క రోజులోనే 3,430 మీటర్ల లాంగ్‌టాంగ్ ఊరికి వెళ్ళిపోతారు. ఒక్క పగలులో దాదాపు వెయ్యి మీటర్లు! మేం మధ్యలో 3,000 మీటర్ల చేరువలో ఉన్న ఘోడాతబేలాలో ఆగాం. మొత్తం యాత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన బస అదే. అప్పటిదాకా నది కోసిన ఇరుకు లోయలో నడిచినవాళ్ళకు, ఒకప్పటి హిమానీనదం గీరిన విశాలమైన లోయ అక్కడే తెరుచుకుంటుంది. మేం వెళ్ళింది ఏప్రిల్‌లో. వాళ్ళు లాలీగురాస్ అని పిలిచే ఎర్రపూల చెట్లు వాలంతా నిండుగా పూసి ఉన్నాయి. వసతి గృహం నడిపే తమాంగ్ తెగ అమ్మ పొయ్యి పక్కనే మాకు చోటు చూపించి, అడగకుండానే వేడినీళ్ళ సీసాలు పక్కలో పెట్టింది.

లాంగ్‌టాంగ్ ఊరి గురించి త్వరగా రాయలేను. 2015 ఏప్రిల్ 25న వచ్చిన 7.8 తీవ్రత భూకంపానికి పైనున్న మంచు, రాళ్ళు విరిగి ఈ ఊరి మీద పడ్డాయి. ఊరివాళ్ళు, యాత్రికులు కలిపి 300 మందికి పైగా చనిపోయారు. ఇప్పుడు దారి ఆ శిథిలాల రాళ్ళ మీదుగానే వెళుతుంది. కింద ఇళ్ళున్నాయని గైడు చెప్పేదాకా అది మామూలు రాళ్ళ మైదానంలాగే ఉంది. పేర్లు చెక్కిన స్మారకం దగ్గర వదిన ఒక్కొక్క పేరూ చదివింది. కొత్త ఊరు కాస్త పైన కట్టుకున్నారు. చాలామంది ఇక్కడ టీ తాగి నేరుగా క్యాంజిన్‌కు వెళ్ళిపోతారు. దయచేసి ఒక రాత్రి ఉండండి. ఎత్తు లెక్కకూ మంచిది, ఆ డబ్బు మళ్ళీ నిలదొక్కుకున్న కుటుంబాలకు నేరుగా చేరుతుంది. ఊరు దాటాక బౌద్ధ మంత్రాలు చెక్కిన రాళ్ళతో పేర్చిన పొడవైన మణి గోడలు వస్తాయి. మన గుడిలో ప్రదక్షిణలాగే వాటిని కుడిచేతి వైపు ఉంచుకుని నడవాలి.

3,870 మీటర్ల క్యాంజిన్ గోంపా అసలైన మజిలీ. మూడు నాలుగు అంతస్తుల వసతి గృహాలు, బేకరీలు, 1950లలో స్విస్ సాయంతో మొదలైన జున్నుగడ్డల కర్మాగారం, ఎటు చూసినా మంచుకొండలు. ఎక్కడ పడుకుంటే అక్కడే తినాలన్నది ఈ లోయ పద్ధతి. గది అద్దె నామమాత్రం, వాళ్ళ ఆదాయమంతా భోజనం మీదే. గదికి బేరమాడి, తిండికి పక్క హోటల్‌కు పోవడం అన్యాయం. ఫోను చార్జింగ్‌కూ, వేడినీళ్ళ స్నానానికీ విడిగా ఇవ్వాలి. పై అంతస్తు గది అడిగితే ఎండ వస్తుంది, కానీ మరుగుదొడ్డి అదే అంతస్తులో ఉందో లేదో ముందు చూసుకోండి. ఆడవాళ్ళకు రాత్రిపూట ఆ గడ్డకట్టిన మెట్లు దిగడం పెద్ద ఇబ్బంది.

తిండికి దాల్‌భాత్‌ను మించింది లేదు. అన్నం, పప్పు, కూర అడిగినన్నిసార్లు వడ్డిస్తారు. ఎత్తులో ఆకలి చచ్చిపోతుందని తెలిసి కందిపొడి, గోంగూర పచ్చడి తీసుకెళ్ళాం. చలికి గడ్డకట్టిన పచ్చడిని పప్పు గిన్నె మీద కరిగించుకుని తిన్న అన్నమే మమ్మల్ని నిలబెట్టిందని నా నమ్మకం. అక్కడి అడవి పళ్ళ పుల్లటి రసం, సీబక్‌థార్న్ అంటారు, వేడిగా తాగితే ప్రాణం లేచొస్తుంది.

క్యాంజిన్‌లో అదనపు రోజులంటే ఊరికే పడుకోవడం కాదు. పగలు ఎత్తుకు ఎక్కి, రాత్రి కిందకు వచ్చి పడుకోవాలి. మొదట క్యాంజిన్ రీ కొండ, తర్వాత 4,984 మీటర్ల చెర్కో రీ కొండ. శిఖరం వద్దనుకునేవారికి చెర్కో రీ ఒక్కటే యాత్రకు నిండుదనం ఇస్తుంది. ఇక్కడి నుంచి బేస్‌క్యాంపుకు ఒకేసారి తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు గెంతు తప్పదు. ఈ రోజులు పెట్టుకున్నది ఆ గెంతు కోసమే. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది విశాఖలోనే వైద్యుణ్ణి అడగండి, గైడును కాదు.

బేస్‌క్యాంపులో గుడారాలే. ఇచ్చిన నిద్రసంచి చాలలేదు, లోపల వేసుకునే పలుచటి సంచి మరొకటి ఉంటే తప్ప చలి ఆగదు. వంటవాళ్ళు మాత్రం ఆ రాళ్ళ మధ్య వేడి సూపు, అన్నం పెట్టారు, వాళ్ళకు ఎంత ఇచ్చినా తక్కువే. తెల్లవారకముందే తలదీపాలతో బయలుదేరాం. గంటల తరబడి రాళ్ళ గుట్టలే, మంచు అంచు చేరేసరికి తూర్పు తెల్లబడింది. అక్కడే వదిన తలనొప్పి తగ్గలేదని చెప్పింది. శిఖర గైడు ఆమెను సరళరేఖ మీద నడవమన్నాడు, రెండో అడుగుకే తూలింది. ఇక మాట్లాడలేదు, “దీదీ, మీరు కిందికి” అన్నాడంతే. రెండో గైడు ఆమె వెంట వెంటనే దిగిపోయాడు. క్యాంజిన్ చేరేసరికి ఆమె తేరుకుంది. ఒక్కడే గైడుంటే ఏమయ్యేది? ఇద్దరమూ దిగాలి, లేదా ఆమె ఒంటరిగా కూర్చుని ఉండాలి. రెండో మాట ఊహించడానికే నాకు వణుకు వస్తుంది. ఇద్దరు వెళితే ఇద్దరు గైడులు ఉండాల్సిందే.

మంచు మీద తాడు కట్టుకుని, పది అడుగులకొకసారి ఆగుతూ ఎక్కాను. చివరి గట్టు సన్నగా ఉంటుంది, అక్కడ గైడు ముందే తాడు బిగించాడు. పైన నిలబడితే 7,200 మీటర్లు దాటిన లాంగ్‌టాంగ్ లిరుంగ్ ఒకవైపు, టిబెట్‌లో 8,027 మీటర్ల శిషాపాంగ్మా మరోవైపు. మనం నిలబడ్డది చిన్న కొండేనని అప్పుడు తెలుస్తుంది, అయినా నా జీవితంలో అంత ఎత్తున ఎప్పుడూ నిలబడలేదు. ఆనందం పట్టలేక ఏడ్చాను.

దిగేటప్పుడు గైడు ఆ యాలా హిమానీనదం ఒకప్పుడు ఎక్కడిదాకా ఉండేదో చేత్తో చూపించాడు. పర్వత ప్రాంతాలను అధ్యయనం చేసే, ఖాట్మండులోని ఇసిమోడ్ సంస్థ శాస్త్రవేత్తల లెక్క ప్రకారం 1970లలో కొలిచినప్పటి నుంచి అది 66 శాతం కుంచించుకుపోయింది, 784 మీటర్లు వెనక్కి జరిగింది. 2025 మేలో దాని పక్కన వీడ్కోలు సభ పెట్టి, స్మారక ఫలకాలు నిలిపారు. క్రాంపాన్ పళ్ళు దిగబడే ఆ మంచును చూడాలనుకునేవారు ఎక్కువ కాలం వాయిదా వేయకండి.

కాలం సంగతి. అక్టోబరు, నవంబరుల్లో ఆకాశం మరింత తేటగా ఉంటుందంటారు. కానీ విశాఖవాళ్ళం ఒకటి మరవకూడదు. 2014 అక్టోబరు 12న మన ఊరిని ఊడ్చేసిన హుద్‌హుద్ తుపాను అక్కడితో ఆగలేదు. దాని శేషం ఉత్తరానికి వెళ్ళి, అక్టోబరు 14న నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో భారీ మంచు కురిపించి, కనీసం 43 మందిని బలిగొంది. ఇక్కడ మన కిటికీలు కొట్టుకున్న గాలే అక్కడ మంచై పడింది. శరత్కాలంలో వెళ్ళేవారు బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిందేమో చూసుకుంటూ ఉండాలి, చేతిలో ఒకటి రెండు ఖాళీ రోజులు ఉంచుకోవాలి. ఏప్రిల్‌లోనైతే మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముతాయి, కాబట్టి నడకంతా పొద్దున్నే ముగించాలి. పూలకోసం నేను ఏప్రిల్‌నే ఎంచుకుంటాను.

తిరుగు ప్రయాణంలో అదే దారి, కాని దిగుడు వేగం. లామా హోటల్ దగ్గర మోకాళ్ళు సింహాచలం మెట్లను గుర్తు చేశాయి. స్యాబ్రుబేసి నుంచి ఖాట్మండు చేరిన మర్నాడే విమానం పెట్టుకోకండి, ఒక్క కొండచరియ విరిగిపడితే టికెట్టు పోతుంది. విశాఖకు నేరు విమానం లేదు కాబట్టి ఢిల్లీలోనో కోల్‌కతాలోనో మారాలి. రెండు టికెట్లూ ఒకే బుకింగ్‌లో తీసుకుంటే మొదటి విమానం ఆలస్యమైనా రెండోదాని బాధ్యత విమాన సంస్థదే అవుతుంది. వదిన ఈసారి చెర్కో రీ వరకే వెళ్ళి, ఆ తర్వాత శిఖరం సంగతి చూద్దామంటోంది. క్యాంజిన్‌లో ఇంకో రాత్రి కలిపిన పట్టిక పంపమని అదే సంస్థను అడిగాం.