రెండు నిమిషాల పాట కోసం సొలెమ్ దాకా

"ఈ రెండు నిమిషాల కోసమా మనం జర్మనీ నుంచి వచ్చింది?" మొదటి రోజు సాయంత్రం గుడి బయట నిలబడి మా ఆయన అడిగిన మాట ఇది. సన్నగా వాన, ఇద్దరికీ ఆకలి. నా దగ్గర జవాబు లేదు.

డిసెంబర్ 17 నుంచి 23 దాకా కతోలిక మఠాల్లో సాయంకాల ప్రార్థనలో, మరియమాత స్తుతిగీతానికి ముందూ వెనకా ఒక చిన్న పల్లవి (యాంటీఫొన్) పాడతారు. రోజుకొకటి చొప్పున ఏడు. ఓ జ్ఞానమా, ఓ అదోనాయీ, ఓ యిషాయి వేరూ, ఓ దావీదు తాళపుచెవీ, ఓ ఉదయతారా, ఓ జనముల రాజా, ఓ ఇమ్మానువేలూ. పిలిచే పేరు మారుతుంది కానీ రాగం ఒక్కటే, చివరికి అడిగేదీ ఒక్కటే, "రావయ్యా" అని. ఫిరంగిపురంలో మా పక్కింటి మామ్మగారు ధనుర్మాసంలో రోజుకో పాశురం చదివేవారు. అవీ ఇంచుమించు ఇవే రోజులు. కాకపోతే ఆవిడది తెల్లవారుజాము, వీళ్ళది పొద్దుగూకే వేళ.

ఈ పాటలు లాటిన్‌లో, గ్రెగోరియన్ పద్ధతిలో, అంటే అందరూ ఒకే వరసలో పాడే చర్చి పాత గానంలో వినాలంటే ఫ్రాన్స్‌లోని సొలెమ్ మఠానికే వెళ్ళాలని నా పట్టుదల. 1833లో ప్రోస్పేర్ గెరాంజే అనే మతగురువు దాన్ని మళ్ళీ నిలబెట్టాక, మరుగునపడ్డ ఆ పాత గానాన్ని పాత రాతప్రతులు తిరగేసి బాగుచేసింది అక్కడి బెనెడిక్టీన్ సన్యాసులే. పారిస్ మోంపర్నాస్ స్టేషన్‌లో రైలెక్కితే గంటన్నరలోపే సాబ్లే అనే ఊరు. అక్కడి నుంచి మఠం ఇంకో మూడు కిలోమీటర్లు. మేం ముందే చెప్పి పెట్టుకున్న టాక్సీ రాలేదు, ఫోన్ చేస్తే ఎత్తలేదు. బ్యాగులు ఈడ్చుకుంటూ నడిచాం. చక్రాల సూట్‌కేసు మాత్రం తీసుకెళ్ళకండి.

బసలో ఒక తిరకాసు ఉంది. మఠం లోపలి అతిథి గృహం మగవాళ్ళకే. యాంటీఫొన్లన్నీ బట్టీపట్టి వెళ్ళిన నేను ఊళ్ళో అద్దె గదిలో, "నాకేం తెలీదు, నీతో వస్తా" అన్న మా ఆయన లోపల! నా గదిలో హీటర్ రాత్రి పదికల్లా చల్లబడేది. ఆయనకు మాత్రం రాజభోగం. మొదటి భోజనానికి వెళ్ళేటప్పుడు మఠాధిపతే చేతుల మీద నీళ్ళు పోశారట. అతిథికి అలా చెయ్యాలని ఈ సన్యాసుల మూలపురుషుడు బెనెడిక్ట్ గారి నియమావళిలోనే ఉంది. తింటున్నంతసేపూ ఎవరూ మాట్లాడరు, ఒకాయన ఏదో పుస్తకం ఒకే స్వరంలో చదువుతుంటాడు. "కాళ్ళకు నీళ్ళిచ్చే మన పద్ధతే కదా," అని ఆయన సంబరపడుతుంటే నాకు ఒళ్ళు మండింది.

ప్రార్థన మాత్రం అందరికీ తెరిచే ఉంటుంది. సాయంత్రం ఐదుకు మొదలు. పొడవాటి, ఇరుకైన గుడి. మనం వెనక, సన్యాసులు ముందు గాయకస్థానంలో. మైకు లేదు. క్రిస్మస్ అంటే డోలక్కూ లౌడ్‌స్పీకరూ అని అలవాటైన చెవికి మొదట ఏమీ వినపడలేదనిపించింది. రెండో రోజు తాళపుచెవి పాట. పూర్వం కొన్ని మఠాల్లో దీన్ని ఉగ్రాణం తాళాలు పట్టుకునే సన్యాసి చేతే ఎత్తించేవారట, 'యిషాయి వేరు' పాటను తోటమాలి చేత. ఇది చెప్పేసరికి మా ఆయన మొదటిసారి చెవి ఒగ్గి విన్నాడు.

మూడో రోజు 21. ఏడాదిలో అతి చిన్న పగలు. లోపలికి వెళ్ళేటప్పుడు కిటికీల్లో కాస్త బూడిదరంగు వెలుతురుంది. కీర్తనలు సాగుతుండగా అది పోయింది. "ఓ ఓరియెన్స్", అంటే 'ఓ ఉదయతారా', అని ఒక్క గొంతు ఎత్తుకుంది. ఆ 'ఓ' తొందరపడకుండా సాగి, మిగతా గొంతులు దాన్ని అందుకునేసరికి కిటికీలు పూర్తిగా నల్లబడ్డాయి. చీకట్లో కూర్చున్నవాళ్ళకు వెలుగివ్వమని అడిగే పాట అది. మా ఆయన ఈసారి బయటికొచ్చి ఏమీ అనలేదు. ఒక్క సాయంత్రానికైతే ఇక్కడికి రావద్దనే చెబుతాను. అదే రాగం మూడోసారి వచ్చినప్పుడే అది మనదవుతుంది.

అంత ఓపిక లేనివాళ్ళకు పారిస్‌లో సెయింట్ జెర్వే గుడి ఉంది. తెల్లని దుస్తుల్లో సన్యాసులూ కన్యస్త్రీలూ కలిసి ఫ్రెంచ్‌లో, నాలుగు వరసల గొంతులు కలిపి పాడతారు. వెచ్చగా ఉంటుంది, మెట్రో దిగితే రెండు అడుగులు. వెళ్ళేటప్పుడు ఒకరోజు విన్నాం, బాగుంది. నేను వెతుక్కున్నది అది కాదు, అంతే.

ఆ ఏడు పేర్ల లాటిన్ మొదటి అక్షరాలను చివరి నుంచి వెనక్కి చదివితే 'ఏరో క్రాస్' (ERO CRAS), అంటే 'రేపు ఉంటాను' అని వస్తుంది. అది పూర్తయ్యేది 23 సాయంత్రమే. 22 ఉదయం రైలుకు టికెట్ చవగ్గా దొరికిందని బుక్ చేసింది నేనే. సాబ్లే స్టేషన్‌లో ఆ ఊరి పేరు మోసే వెన్న బిస్కెట్లు తింటూ మా ఆయన లెక్కపెట్టాడు: "మనకి మూడక్షరాలే దక్కాయి."