ఓర్కాసౌండ్: ముందు ఓడల మోత, తర్వాతే ఓర్కాలు

మేముండేది సియాటిల్ పక్కన బాతెల్‌లో. రాత్రి వంటింటి పని అయ్యాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఓర్కాల (కిల్లర్ వేల్స్ అంటారే, అవే) పిలుపులు వినడానికి ఓర్కాసౌండ్ వెబ్‌సైట్ తెరుస్తాను. సముద్రంలో పెట్టిన హైడ్రోఫోన్ల (నీటిలో పనిచేసే మైకుల) నుంచి శబ్దం లైవ్‌లో వస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. మా దగ్గరి సముద్రంలో హారో జలసంధి, బుష్ పాయింట్, పోర్ట్ టౌన్సెండ్, ఇలా కావలసిన చోటు ఎంచుకుని వినొచ్చు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి, సగం శబ్దాలు తెలియవు.

ఎక్కువసేపు వినిపించేది ఓడలే. వాంకూవర్ వెళ్ళే సరుకు ఓడలకు హారో జలసంధే దారి. విసుక్కోకుండా ముందు ఆ మోతనే నేర్చుకోండి. ఇంజిన్ శబ్దం నిదానంగా పెరిగి, నిదానంగా తగ్గుతుంది. ఓర్కా పిలుపు అలా కాదు, క్షణంలో లేచి మధ్యలో చటుక్కున శ్రుతి మారుతుంది. టకటకమని వరసగా వచ్చేవి క్లిక్కులు. వాటి ప్రతిధ్వనితోనే ఇక్కడి ఓర్కాలు చినూక్ సాల్మన్ చేపల్ని వెతుక్కుంటాయి. ఓడల మోతలో ఆ ప్రతిధ్వని మునిగిపోతే తిండి దొరకడం కష్టం. ఇది తెలిశాక ఓడ వస్తుంటే నాకు నిజంగా టెన్షన్.

చేపలు తినే ఈ ఓర్కాలని సదరన్ రెసిడెంట్లు అంటారు, జె, కె, ఎల్ అనే మూడు గుంపులు. అన్నీ కలిపి 80 కూడా లేవు. 2005 నుంచి అమెరికా ప్రభుత్వ అంతరించే జీవుల జాబితాలో ఉన్నాయి. వాటి పిలుపులకు శాస్త్రవేత్తలు నంబర్లు ఇచ్చారు: జె గుంపులో ఎక్కువగా వినిపించేది ఎస్1, కె గుంపులో ఎస్16, ఎల్ గుంపులో ఎస్19. సైట్‌లో నమూనాలున్నాయి. అన్నీ ఒకేసారి వింటే కలగాపులగం అవుతుంది. ఎస్1 ఒక్కటే చెవికి పట్టేదాకా వినండి. తర్వాత ఎస్16 సులువే, పిల్లికూన అరిచినట్టుంటుంది.

సీల్స్ అనే సముద్ర జంతువుల్ని వేటాడే మరో రకం, బిగ్స్ ఓర్కాలు మాత్రం చాలావరకు నోరు మెదపవు, ఆ సీల్స్‌కి వినపడిపోతుంది కదా! కాబట్టి శబ్దం లేకపోతే ఓర్కాలు లేవనుకోకండి. లోతుగా, సాగదీసి మూలిగేవి హంప్‌బ్యాక్ తిమింగలాలు.

నాకు బాగా నచ్చింది, ఏదైనా వినిపిస్తే అక్కడికక్కడే తెలియజేసే బటన్. మనలాంటి మామూలు వాళ్ళ చెవి కూడా పనికొస్తుంది.

5కి 5 ఇస్తాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు అక్టోబర్, నవంబర్‌లలో బుష్ పాయింట్ పెట్టుకోండి. చమ్ అనే మరో రకం సాల్మన్ వెంట ఓర్కాలు ప్యూజెట్ సౌండ్‌లోకి (సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయలోకి) వచ్చే రోజులవి.