నాగార్జునసాగర్ వెనక నీళ్లలో జీపీఎస్, సోనార్ సెట్టు: చాన్నాళ్ల వాడకం తర్వాత

నేరెడుగొమ్ము మండలం వైజాగ్ కాలనీ నుంచి ఏలేశ్వరం గట్టు దిక్కు తిరిగే ఇరవై అడుగుల ఫైబర్ బోటు మీద ఉంది ఈ సెట్టు. అయిదంగుళాల తెర, లోపలే జీపీఎస్, బోటు వెనక పలకకు బిగించిన సోనార్ ట్రాన్స్‌డ్యూసర్, అంటే నీళ్లలోకి శబ్దం పంపి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి లోతు కొలిచే ముక్క. దీనికి ముందు బోటులో ఉన్నవి ఫోన్‌లో మ్యాపు, తాడుకు కట్టిన రాయి. కొనేవాళ్లకు మొదటే చెప్పాల్సింది ఒకటుంది. సాగర్ లోతులు చూపించే మ్యాపు దానితోపాటే వస్తుందని ఆశపడి కొంటే డబ్బు దండగ. సముద్రం చార్టుల కార్డు కూడా వద్దు. ఇక్కడి లోతులు ఎవరి బోటుకు వాళ్లు గీసుకోవాల్సిందే, ఆ గీయడంలోనే చాలామంది తప్పు దారి పడతారు.

సముద్రంలో పోటుపాట్లతో లోతు మారేది చాలాచోట్ల కొద్ది మీటర్లే. సాగర్‌లో నిండు మట్టం సముద్ర మట్టం నుంచి 590 అడుగులు, కనీస మట్టం 510. అంటే ఒకే చోట లోతు ఎనభై అడుగుల దాకా మారొచ్చు. ఆగస్టులో మునిగిన బండ దగ్గర 'లోతు 24' అని గుర్తు పెట్టుకుంటే ఏప్రిల్‌లో ఆ అంకె అబద్ధమే కాదు, ప్రమాదం కూడా. అందుకే మేం లోతు రాయడం మానేసి బండ తల ఎత్తు రాస్తున్నాం. ఆ రోజు డ్యాం మట్టం 562, బండ మీద లోతు 24 అయితే తల 538. సెట్టులో ఆ గుర్తుకు పేరు '538', అంతే. తర్వాత ఎప్పుడైనా మట్టం 541 ఉందనుకోండి, బండ మీద మూడడుగుల నీళ్లే. ఇంజిన్ ఫ్యాను రెండడుగులు కిందికి దిగి ఉంటుంది, అల లేస్తే తగిలినట్టే. చుట్టు తిరిగి పోవాలి. రోజూ మట్టం పేపర్లో వస్తుంది. అది చూడకుండా బోటు దించేవాళ్లకు ఈ సెట్టు ఉన్నా లేకున్నా ఒకటే.

సెట్టు తనంతట తానే లోతు గీతలు గీసే సౌకర్యానికీ ఇదే లెక్క. నీటి మట్టం తేడా నింపే గడి మెనూలో ఉంటుంది. ఏదో ఒక మట్టాన్ని, మాకైతే 590ని, ఆధారంగా పెట్టుకుని ప్రతిసారీ ఆ తేడా నింపాలి. ఇంకో సంగతి, తెర మీద గీతలు ఎంత నున్నగా కనిపించినా నమ్మొద్దు. సోనార్ వదిలే 20 డిగ్రీల శబ్ద కిరణం 30 అడుగుల లోతులో నేల మీద పదడుగుల వెడల్పే చూస్తుంది. యాభై అడుగులకొక వరస చొప్పున బోటు నడిపితే మధ్యలో నలభై అడుగులు సెట్టు ఊహించి నింపినదే. రాతి గుట్టలు మునిగిన చోట వరసలు దగ్గర దగ్గరగా, నిదానంగా పోవాలి. బురద నేల మీద అంత అవసరం లేదు.

సెట్టు బాగాలేదన్న ఫిర్యాదుల్లో సగం నిజానికి ట్రాన్స్‌డ్యూసర్ బిగింపు తప్పులు. ఫ్యానుకు కనీసం 15 అంగుళాల దూరం ఉండాలి. వెనక నుంచి చూస్తే ఫ్యాను గడియారం ముల్లులా తిరిగే ఇంజినైతే కుడి తట్టు మంచిది, ఆ పక్క రెక్క కిందికి దిగుతుంది కాబట్టి బుడగలు తక్కువ. ఫైబర్ బోటుకు ట్రాన్స్‌డ్యూసర్ అడుగు భాగం బోటు అడుగుకన్నా 3 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి, అల్యూమినియం బోటుకైతే 10. ఇంకా పైన పెడితే వేగం పెరగ్గానే బుడగల్లో చిక్కి లోతు అంకె మాయమవుతుంది. మరీ కిందికి దించితే నీళ్లు చిమ్ముతుంది, వలలు తగులుకుంటాయి. దెబ్బ తగిలితే పైకి మడుచుకునే బ్రాకెట్టే తీసుకోండి. స్క్రూ రంధ్రాల్లో సీలెంట్ నింపకపోతే పలకలోని చెక్క నానుతుంది. కేబుల్ పొడవెక్కువైందని కోయొద్దు, చుట్టి కట్టేయండి.

కరెంటు దగ్గర పొదుపు పనికిరాదు. సెల్ఫ్ స్టార్ట్ ఇంజిన్ బ్యాటరీ మీదే సెట్టు నడిపితే స్టార్టు కొట్టిన ప్రతిసారీ వోల్టేజి పడిపోయి తెర ఆరిపోతుంది. కొన్ని చిన్న ఇంజిన్ల చార్జింగు కాయిల్‌కు రెగ్యులేటర్ ఉండదు, వోల్టేజి పదిహేను దాటుతుంది. అది మరీ చేటు. వేరే బ్యాటరీ పెట్టుకోండి. యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) సీల్డు బ్యాటరీ చవక. అయితే సగం కన్నా ఎక్కువ వాడితే తొందరగా చస్తుంది, తెర వెలుగు నిండా పెడితే నాలుగైదు గంటలకు మించి రాదు. రాత్రి వలేసి పొద్దున తీసేవాళ్లకు చాలదు. 12 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టాక రోజంతా వస్తోంది, దానికి తగిన చార్జర్ వేరే కొనాలి. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది, ఫ్యూజు బ్యాటరీ పక్కనే. ఎన్ని ఆంపియర్లో సెట్టు పుస్తకంలో ఉంటుంది. వైర్లు మెలేసి టేపు చుట్టిన అతుకు ఒక వానాకాలానికే పచ్చబడుతుంది. క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి), వేడికి ముడుచుకునే ట్యూబు తొడగండి.

సెట్టింగుల్లో ముఖ్యమైనది నీటి రకం. మంచినీళ్లు అని పెట్టాలి, ఉప్పునీళ్లని వదిలేస్తే లోతు రెండు మూడు శాతం ఎక్కువ చూపిస్తుంది. ట్రాన్స్‌డ్యూసర్ నీళ్లలో ఎంత లోపలుందో నింపాక, నిలకడ నీళ్లలో గుర్తులేసిన తాడు దించి సరిచూడండి. ఆ అంకెకు ముందు ప్లస్సో మైనస్సో సెట్టును బట్టి మారుతుంది కాబట్టి తాడే సాక్షి. అసలు లోతుకు సరిగ్గా రెట్టింపు దగ్గర ఇంకో నేల కనిపిస్తే అది రెండో ప్రతిధ్వని. కింద గట్టి బండ ఉందనడానికి అదొక ఆనవాలు. బురదైతే గీత పలచన. ఎండాకాలంలో నీళ్ల నడిమధ్య మసకగా అడ్డంగా కనిపించే గీత వేడి నీళ్లు, చల్ల నీళ్లు కలిసే చోటు. దాన్ని నేలనుకోవద్దు.

జీపీఎస్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, బాగుంది. మెనూలో ఎస్‌బీఏఎస్ (జీపీఎస్ తప్పులను ఉపగ్రహం ద్వారా దిద్దే ఏర్పాటు) ఆన్ చేస్తే ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి తయారుచేసిన గగన్ దిద్దుబాట్లు అందుతాయి. శ్రీశైలం దిక్కు లోయ ఇరుకైన కొద్దీ గుట్టలు ఆకాశాన్ని మూసేస్తాయి, బోటు గుర్తు అటూ ఇటూ గెంతుతుంది. ఆగి ఉన్నప్పుడు దిక్కు బాణం పిచ్చిగా తిరుగుతుంది, ఎందుకంటే కదలికను బట్టే అది దిక్కు చెబుతుంది. పొగమంచులో పది రూపాయల దిక్సూచి అయినా పక్కన ఉండాలి.

సోనార్ కిందికే చూస్తుంది, ముందుకు కాదు. శ్రీశైలం గేట్లు ఎత్తినప్పుడు కొట్టుకొచ్చే మొద్దులు, సగం మునిగిన వల బుంగలు, సన్న నైలాను వలలు దానికి కనబడవు. వాటికి మనిషి కళ్లే దిక్కు.

మే ఎండలో బోటు మీద వదిలేయొద్దు. ఇలాంటి సెట్లు చాలావాటి హద్దు 55 డిగ్రీలు, మూత వేసిన నల్ల డబ్బా ఆ హద్దును మధ్యాహ్నానికే దాటుతుంది. ఊడదీసి ఇంటికి పట్టుకుపోవడానికి వీలైన స్టాండు ఉన్నదే మేలు. మెమరీ కార్డు పట్టే సెట్టే కొనండి, కొంత ఖర్చు ఎక్కువైనా సరే. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసేముందు గుర్తులన్నీ కార్డులోకి ఎక్కించి, బండ తలల అంకెలు నోటుబుక్కులో కూడా రాసిపెట్టండి.