సైకిల్‌పై అమెరికా, దారిలో ఇళ్ల పని: మొదటి పది రోజుల సామాను, పద్ధతులు – వేసవంతా వాడి చూశాక

వర్జీనియాలోని యార్క్‌టౌన్ నుంచి ఒరెగాన్‌లోని ఆస్టోరియా దాకా పోయే ట్రాన్స్‌అమెరికా ట్రైల్ సుమారు 4,200 మైళ్లు. అమెరికా స్వాతంత్ర్యానికి రెండొందల ఏళ్లు నిండిన 1976లో సైకిళ్ల కోసమే గుర్తించిన దారి ఇది. దీనిమీదో, దీని చుట్టుపక్కల దారుల్లోనో విరాళాలు పోగుచేసుకుంటూ ఇరవై ముప్పై మంది కలిసి తొక్కడం, మధ్యమధ్య సైకిళ్లు పక్కన పెట్టి పేద కుటుంబాల ఇళ్ల పనిలో చేయి వేయడం అక్కడ బాగా నలిగిన పద్ధతి. 2003లో మొదలైన బైక్ అండ్ బిల్డ్, 2008లో మొదలైన ఫుల్లర్ సెంటర్ బైసికిల్ అడ్వెంచర్ ఈ కోవలోవే. అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగు పిల్లలు ఇలాంటి వాటికి పేరిచ్చే ముందు అడిగేది ఒకటే: ఏం కొనాలి, ఏం మోసుకెళ్లాలి? ఒక వేసవంతా వాడాక ఏది నిలిచిందో, ఏది దండగో ఇక్కడ రాస్తున్నాం. మొదటి పది రోజులకే పరిమితం, ఎందుకంటే మానేసి వెళ్లేవాళ్లు మానేసేది ఆ పది రోజుల్లోనే.

అందరూ కాళ్ల గురించి భయపడతారు. కాళ్లు వారంలో దారికొస్తాయి. మనిషిని నిజంగా ఇబ్బంది పెట్టేవి చేతులు. ఐదు రోజులు హ్యాండిల్ మీద బరువు మోసిన చేతులతోనే ఆరో రోజు సుత్తి పట్టాలి. సైకిల్ సామాను ఎంచుకునేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

యార్క్‌టౌన్ దాటగానే తగిలే కొలోనియల్ పార్క్‌వే 23 మైళ్లు. కాంక్రీటులో గులకరాళ్లు పైకి తేలి కనిపించే రోడ్డు. లారీలు రావు, చెట్ల నీడ, పక్కన నది. అయితే 25 మి.మీ. వెడల్పు టైర్లలో వంద పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి కొట్టి దీనిమీద తొక్కితే మధ్యాహ్నానికి అరచేతులు జివ్వుమంటాయి. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కాయంటే అరచేతి మడమ దగ్గర అల్నార్ నరం నలుగుతోందని అర్థం. దీనికి మేం చూసిన మందుల్లో మొదటిది టైరు. 28 మి.మీ. కనీసం, ఫ్రేమ్‌లో పడితే 32. డెబ్బై కిలోల మనిషికి 28లో వెనక 80, ముందు 75 పీఎస్ఐ చాలు, 32లో 60–65. రెండోది సీటు. ముక్కు కిందికి వంగి ఉంటే ఒళ్లంతా ముందుకు జారి బరువు చేతుల మీద పడుతుంది. కాబట్టి రసమట్టం పెట్టి సీటు సమంగా ఉందో లేదో చూసుకోండి. మూడోది చేతుల చోటు మార్చడం. ఐదు నిమిషాలకోసారి బ్రేకు లివర్ల మీది నుంచి అడ్డ కమ్మీకి, అక్కడి నుంచి కింది వంపుకు. జెల్ గ్లవ్స్ బాగానే ఉంటాయి కానీ, ఈ మూడూ సరిచేయకుండా వాటిమీద పెట్టే డబ్బు దండగ.

సీటు ఎత్తు గురించి ఒక్క ముక్క: పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా, 25–35 డిగ్రీలు, వంగి ఉండాలి. మోకాలి ముందు భాగం నొప్పెడితే సీటు తక్కువైంది, వెనక భాగం నొప్పెడితే ఎక్కువైంది. అయిదేసి మిల్లీమీటర్ల చొప్పున మార్చండి. ఒకేసారి అంగుళం లేపితే కొత్త నొప్పి మొదలవుతుంది.

మన దగ్గర సైకిల్ నేర్చుకుని వెళ్లినవాళ్లు తప్పక చూసుకోవాల్సింది బ్రేకులు. మన సైకిళ్లలో సాధారణంగా కుడిచేతి లివర్ ముందు చక్రానిది. అమెరికాలో కుడిచేయి వెనక చక్రానికి, ఎడమచేయి ముందు చక్రానికి. కంగారులో చేయి పాత అలవాటుకే పోతుంది. వారం ముందే ఖాళీ పార్కింగ్ స్థలంలో సాధన చేయండి, లేదా షాపులో కేబుళ్లు మార్పించుకోండి. రోడ్డు కూడా కుడివైపుది కాబట్టి వెనక చూసే అద్దం ఎడమవైపు ఉండాలి. హ్యాండిల్ చివర బిగించే అద్దం గతుకుల రోడ్డు మీద వణికి ఏమీ కనిపించదు. హెల్మెట్‌కో, కళ్లజోడుకో తగిలించేదే నయం.

పంక్చర్లు మొదటి వారంలో కుప్పలుగా పడతాయి. కారణం చాలావరకు ఒకటే: హైవే పక్కన పగిలి పడిన లారీ టైర్ల నుంచి ఊడిన ఉక్కు తీగ ముక్కలు. వెంట్రుకంత సన్నగా ఉంటాయి, టైరులో దిగి కంటికి కనిపించవు. ట్యూబు మార్చి తీగ లోపలే వదిలేస్తే పది నిమిషాల్లో మళ్లీ గాలి పోతుంది. ట్యూబును టైరు పక్కనే, వాల్వు వాల్వుకు ఎదురుగా పెట్టి, రంధ్రం ఉన్న చోటికి సరిగ్గా టైరు లోపల వేలితో తడమండి. తీగ తగులుతుంది. గోళ్లతో రాదు, పట్టుకారు కావాలి. ట్యూబుకు పక్కపక్కనే రెండు రంధ్రాలుంటే గాలి తక్కువై రిమ్ము కరిచిందన్నమాట. రిమ్ము వైపు రంధ్రం పడితే లోపలి పట్టీ పక్కకు జరిగింది. కాంటినెంటల్ గేటర్‌స్కిన్ టైర్లు బరువే, తడి రోడ్డు మీద కాస్త జాగ్రత్తగా ఉండాలి, అయినా ఈ తీగల దెబ్బకు బాగా ఆగాయి. మనిషికి రెండు ట్యూబులు, మూడు టైర్ లివర్లు, ఒక చేతి పంపు. సీఓటూ గుళిక (టైరులో గాలి బదులు కార్బన్ డయాక్సైడ్ నింపే చిన్న సిలిండర్) వాడితే సాయంత్రం మామూలు పంపుతో మళ్లీ నింపుకోండి. ఆ వాయువు రబ్బరులోంచి త్వరగా బయటికి పోతుంది, తెల్లారేసరికి టైరు మెత్తబడుతుంది.

గేర్ల విషయంలో మొహమాటం వద్దు. ముందు పళ్ల చక్రాలు 50, 34 పళ్లవి, వెనక పెద్ద చక్రానికి కనీసం 32 పళ్లు, దొరికితే 34. షార్లట్స్‌విల్ దాటాక ఆఫ్టన్ ఎక్కుడు, అక్కడి నుంచి కొండల మీదుగా పోయే బ్లూ రిడ్జ్ పార్క్‌వే రోడ్డు, తర్వాత వెసూవియస్ ఊరికి దిగుడు. రాకీ పర్వతాల ఎక్కుళ్లు పొడవే గానీ వాలు తక్కువ. ఈ తూర్పు కొండలే నిటారు, పైగా ఒళ్లు ఇంకా అలవాటు పడకముందే వస్తాయి. వెసూవియస్ దిగేటప్పుడు బ్రేకు వదలకుండా పట్టుకుంటే రిమ్ము కాలిపోతుంది, చేతులు కొంకర్లు పోతాయి. రెండు సెకన్లు గట్టిగా నొక్కి వదలండి, మలుపు లోపల కాదు, మలుపుకు ముందే. మధ్యలో ఒకసారి ఆగి రిమ్ములు చల్లారనివ్వడంలో నామోషీ ఏమీ లేదు.

బృందం నడిపే పద్ధతుల్లో మాకు బాగా నచ్చింది సుద్దముక్క. ముందు వెళ్లేవాళ్లు ప్రతి మలుపులో రోడ్డు మీద బాణం గీస్తారు: మలుపుకు కాస్త ముందు ఒకటి, మలుపులో ఒకటి, తిరిగాక ఒకటి. మూడోది చాలామంది ఎగ్గొడతారు, అసలు అవసరమైంది అదే. సరైన దారిలోనే ఉన్నామని వెనకవాళ్లకు తెలిసేది దాంతోనే. పిల్లలు నేలమీద గీసే లావు సుద్ద తీసుకోండి, బడి సుద్ద విరిగిపోతుంది. జిప్ కవర్లో ఉంచకపోతే చెమటకు ముద్దవుతుంది. బాణం రోడ్డు అంచునే గీయండి, బండ్లు పోయే మధ్యకు వెళ్లొద్దు. వాన పడితే అంతా కొట్టుకుపోతుంది కాబట్టి ఆ రోజు ప్రతి గుంపులో ఒకరి దగ్గరైనా జీపీఎస్‌లో దారి ఎక్కించి ఉండాలి. గుంపుకు నలుగురైదుగురు, గుంపుకూ గుంపుకూ ఐదు నిమిషాల ఎడం, అందరికన్నా వెనక ఎవరినీ వదలకుండా వచ్చే ఇద్దరు. మొదటి వారం ఒకరి చక్రం వెనక ఒకరు అంటుకుని తొక్కడం పూర్తిగా మానేయాలని మా గట్టి అభిప్రాయం. మీ ముందు చక్రం వాళ్ల వెనక చక్రానికి పక్కగా చేరి తగిలిందా, పడేది మీరే, మీ వెనకవాళ్లు మీమీద పడతారు. రైలు పట్టాలు వస్తే గట్టిగా అరిచి చెప్పి, పట్టాలను నిలువుగా ఖండిస్తూ దాటాలి.

సామానంతా వ్యాన్ వెనక ట్రైలర్‌లో పోతుంది, మనిషికి ఒక ప్లాస్టిక్ డబ్బా. మూత పడకపోతే ఉదయం అందరికీ ఆలస్యం. పడక చర్చి హాలు నేలమీదే, కాబట్టి గాలి నింపే పరుపు మంచిది తీసుకోండి. ఏసీ చలి ఎక్కువ, పలుచని స్లీపింగ్ బ్యాగ్ కావాలి. చెవుల్లో పెట్టుకునే స్పంజి బిరడాలు ఎన్నున్నా మంచిదే. ప్యాడ్ నిక్కర్లు మూడు. లోపల డ్రాయర్ వేయకూడదు, కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. రాత్రే ఉతికి, తువ్వాలులో చుట్టి పిండి, ఆరేయాలి. తడి నిక్కరు వేసుకుని బయల్దేరితే ఆ రోజే కురుపు మొదలు.

తిండి విషయంలో శాకాహారులు ముందే చెప్పాలి, చెప్పడం ఒక్కటే చాలదు. చర్చి విందుల్లో చిక్కుళ్ల కూరలో పంది మాంసం ముక్కలు ఉండడం మామూలే, చూస్తే తెలియదు. అడగండి, వాళ్లేమీ అనుకోరు. ప్రేమగా వండి పెట్టే మనుషులు వాళ్లు. ఆవకాయ సీసా తీసుకెళ్లొద్దు, ఎండకు నూనె కారి డబ్బాలో బట్టలన్నీ పాడవుతాయి. కందిపొడి అరకిలో, బిగుతు మూత సీసాలో. అన్నం దొరికిన పూట అది చేసే మేలు ఏ ఎనర్జీ బార్ చేయదు.

ఇక ఇళ్ల పని. 1976లో జార్జియాలోని అమెరికస్‌లో మిల్లర్డ్, లిండా ఫుల్లర్ దంపతులు మొదలుపెట్టిన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే ఇళ్లు కట్టే సంస్థ భారతదేశంలో తొలి అడుగు వేసింది 1983లో, మన ఖమ్మంలో. ఇల్లు పొందే కుటుంబం కూడా పనిలో దిగడం, ఊరికే ఇవ్వకుండా వాళ్లు కట్టగలిగే వాయిదాల మీద ఇవ్వడం దాని పద్ధతి. కాబట్టి మీ పక్కన మేకులు కొట్టే మనిషి ఆ ఇంటి యజమానే కావచ్చు. పని అందుకు తగ్గట్టు ఉండాలి.

మన ఇటుక గోడ కాదు, చెక్క చట్రం. రెండు బై నాలుగు అని పిలిచే చెక్క కొలత నిజానికి ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలు. నిలువు చెక్కలు మధ్య నుంచి మధ్యకు 16 అంగుళాలు. కొత్తవాళ్ల తప్పు ఇక్కడే: గోడ చివర నుంచి 16 దగ్గర గీత గీసి చెక్క అంచు అక్కడ పెడతారు. మొదటి గీత పదిహేనుంపావు దగ్గర పడాలి, చెక్క గీతకు అవతలి వైపు. అప్పుడే చెక్క మధ్యభాగం సరిగ్గా 16కు వస్తుంది, చట్రం మీద కొట్టే నాలుగడుగుల చెక్క షీటు అంచు 48 దగ్గర చెక్క మధ్యలో ఆనుతుంది. లేకపోతే షీటు చివర మేకు కొట్టడానికి కింద చెక్కే ఉండదు. షీటుకూ షీటుకూ అంగుళంలో ఎనిమిదో వంతు సందు వదలండి, తేమకు ఉబ్బుతాయి. గోడ బయట కొట్టే వినైల్ (ప్లాస్టిక్) పలకలకైతే మేకును గాడి మధ్యలో, కొద్దిగా వదులుగా కొట్టాలి. పలక అటూ ఇటూ చేత్తో జరిగితే సరిగ్గా కొట్టినట్టు. బిగించి కొడితే ఎండకు సాగి అలలు తేలుతుంది.

సైకిల్ బూట్లు, చెప్పులు అక్కడ పనికిరావు. గట్టి అడుగున్న మూసిన బూట్లు ఒక జత డబ్బాలో తప్పనిసరి. విరగ్గొట్టిన చెక్కల్లో మేకులు పైకి తిరిగి ఉంటాయి. సైకిల్ కళ్లజోడును నమ్మొద్దు, జెడ్87 అని ముద్ర ఉన్న రక్షణ కళ్లజోడు అడిగి తీసుకోండి. సుత్తి 16 ఔన్సులది చాలు. 20 ఔన్సులది మేకును త్వరగా దింపుతుంది నిజమే, కానీ హ్యాండిల్ మీద అలిసిన మణికట్టు గంటలో చేతులెత్తేస్తుంది. పిడి చివర పట్టుకుని, మోచేతి నుంచి కొట్టాలి.

పని మొదలుకాక ముందు బృందం నాయకులు ప్రతి ఒక్కరినీ వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయా అని అడగాలి. బొటనవేలితో చిటికెన వేలిని గట్టిగా అదమలేనివాళ్లకు ఆ రోజు కరెంటు రంపం ఇవ్వకూడదు, నిచ్చెన ఎక్కించకూడదు. కొలతలు, గీతలు, రంగులు, చెక్కలు అందివ్వడం, ఇవన్నీ వాళ్లు చేయగలరు. ఇళ్ల పని చేసే రోజును విశ్రాంతి రోజుగా లెక్కేసి, మర్నాడు 80 మైళ్లు పెట్టే ప్రణాళికలు చూశాం. అది పూర్తిగా తప్పు. మర్నాడు 50 మైళ్లకు మించకుండా, కొండ లేకుండా ఉంటే చేతులు తేరుకుంటాయి.